31 తాళం చెవులు: నల్లగొండలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ భద్రతా కేస్ స్టడీ

కాలేజీ పేరు రాయను. నల్లగొండ పట్టణం దాటి దేవరకొండ వైపు కొంత దూరం వెళ్తే వచ్చే ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ అనుకుంటే చాలు. 540 మంది ఆడపిల్లలు, 38 మంది సిబ్బంది. కింది అంతస్తులో, మొదటి అంతస్తులో కలిపి 14 తరగతి గదులు, రెండో అంతస్తు మొత్తం హాస్టలు. నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బడులకు, ఆసుపత్రులకు, గోదాములకు భద్రత విషయంలో సలహాలు ఇస్తుంటాను. ఈ కాలేజీలో నా పని ఐదు నెలలు సాగింది. ఇలాంటి భవనాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి కాబట్టి అక్కడ ఎక్కడెక్కడ తప్పామో దాచకుండా రాస్తున్నాను.

కరస్పాండెంట్ గారి తమ్ముడి కుటుంబం అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటుంది. 2023 మే 6న అక్కడికి దగ్గరలోని అలెన్ పట్టణంలో, ఒక షాపింగ్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపి 8 మందిని చంపాడు. చనిపోయిన వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరు ఉంది. ఆ తర్వాత సెలవులకు వచ్చిన తమ్ముడి కూతురు, "పెద్దనాన్నా, మీ కాలేజీలో లాక్‌డౌన్ డ్రిల్ చేయరా?" అని అడిగిందట. ఆయుధంతో ఎవరైనా వస్తే గదులు మూసుకుని దాక్కునే రిహార్సల్ అన్నమాట. కరోనా లాక్‌డౌన్ తప్ప మరొకటి తెలియని ఆయన నాకు ఫోన్ చేశారు.

నేను మొదట ఆయనను కొంచెం నిరుత్సాహపరిచాను. మన దగ్గర తుపాకీ కావాలంటే ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, అది అందరికీ దొరకదు. మీ కాలేజీకి ప్రమాదమంటూ వస్తే ముందు మంటల రూపంలో వస్తుంది, తర్వాత మెట్ల మీద తొక్కిసలాట రూపంలో. మనిషే వచ్చాడంటే కత్తితోనో, పెట్రోలు సీసాతోనో వచ్చే ప్రేమోన్మాది అయ్యే అవకాశం ఎక్కువ. తుపాకీ వాటన్నిటి తర్వాతి మాట. అలాగని అసలే రాదనడానికి నాకు నోరు రాదు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఏప్రిల్ 4న మోత్కూరు దగ్గర జానకిపురంలో ఆ ఇద్దరూ ఎదురుకాల్పుల్లో హతమయ్యేలోపు మన పోలీసులలో మరికొందరు తూటాలు తిన్నారు. ఆ మూడు రోజులు జిల్లాలో డ్యూటీ చేసిన వాళ్లెవరూ "ఇక్కడ అలాంటివి జరగవు" అనరు.

అందుకని పనికి ఒక హద్దు గీసుకున్నాం. 'ఆయుధంతో ఒక మనిషి ఆవరణలోకి వచ్చాడు' అన్నదే మా లెక్క. ఆయుధం ఏదైనా మొదటి ఐదు నిమిషాల్లో చేయవలసినది దాదాపు ఒకటే.

ఐదు నిమిషాలు అని ఊరికే అనలేదు. అమెరికాలో 2000 నుంచి 2013 వరకు జరిగిన 160 కాల్పుల ఘటనలను అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరిశీలించింది. ఎంతసేపు సాగాయో తేలిన 63 ఘటనల్లో 44 ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. వాటిలో 23 రెండు నిమిషాలైనా దాటలేదు. మా కాలేజీకి పట్టణం నుంచి పోలీసు జీపు ఎంత వేగంగా వచ్చినా, రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం రాకపోయినా, పది నిమిషాలు పడుతుంది. ఉగ్రవాదులను ఎదుర్కొనే ఆక్టోపస్ కమాండో దళం హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు రావాలి. వాళ్లు వచ్చేలోపు జరగవలసినది జరిగిపోతుంది. 1999లో కొలంబైన్ బడిలో కాల్పులు జరుగుతుంటే పోలీసులు బయట ప్రత్యేక దళం కోసం ఆగినందుకు అమెరికా తన పద్ధతినే మార్చుకుంది, మొదట చేరిన వాళ్లే లోపలికి వెళ్లాలని. అయినా 2022లో యువాల్డీ పట్టణంలోని బడిలో కాల్పులప్పుడు పోలీసులు 77 నిమిషాలు ఆగారు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పోలీసులో పనిచేసిన వాణ్ణి కాబట్టి ఈ మాట రాయడం నాకు సులువు కాదు.

తలుపులు

రెండు రోజులు భవనమంతా తిరిగాను. నా వెంట వాచ్‌మన్. అరవై దాటిన మనిషి, పిల్లలందరికీ 'తాత'. ఆయన నడుముకు ఒక ఇనుప రింగు, దానికి 31 తాళం చెవులు. ఏది దేనిదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. టీ తాగడానికి రోడ్డు అవతలికి వెళ్తే ఆ 31 కూడా ఆయనతోపాటే వెళ్తాయి.

ప్రతి తరగతి తలుపుకు బయట ఆల్‌డ్రాప్ ఉంది, తాళం వేసుకోవడానికి. లోపలి వైపు చూస్తే గడియ లేదు. కొన్ని తలుపులకు స్క్రూల గుంతలు కనబడుతున్నాయి. ఒకప్పుడు ఉండేవని, తీసేశారని అర్థమైంది. "ఎందుకు తీశారు మేడమ్?" అని అడిగితే ప్రిన్సిపల్ గారు వెంటనే జవాబు చెప్పలేదు. సాయంత్రం విడిగా పిలిచి చెప్పారు. ఒకటి, స్టడీ అవర్ ఎగ్గొట్టి లోపల గడియ పెట్టుకుంటారని. రెండోది అసలు కారణం. పరీక్షల ఒత్తిడిలో ఏ పిల్ల ఏమి చేసుకుంటుందోనని భయం. ఇంటర్ పిల్లలతో పనిచేసే వాళ్లెవరూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. నేనూ కొట్టిపారేయలేదు.

కిటికీలన్నిటికీ ఇనుప గ్రిల్సు. మెట్లు రెండు వైపులా ఉన్నాయి కానీ వెనక మెట్ల దగ్గర గ్రిల్ గేటు వేసి తాళం పెట్టారు, చాలా ఏళ్ల కిందట. రాత్రి పది తర్వాత హాస్టల్ గేటుకు కూడా బయటి నుంచి తాళం. మొత్తం భవనాన్ని ఒకే ఒక్క ఆలోచనతో కట్టారు: పిల్లలు బయటికి పోకూడదు. బయటి వాడు లోపలికి రాకుండా చేసిన ఏర్పాటు మాత్రం ఒక గేటు, ఒక తాత.

2007లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఒకడు 32 మందిని కాల్చి చంపిన రోజున లివియు లిబ్రెస్కు అనే 76 ఏళ్ల ప్రొఫెసర్ తన తరగతి తలుపును ఒంటితో ఆపి పట్టుకున్నాడు. ఆ లోపు విద్యార్థులు కిటికీల్లోంచి కిందికి దూకారు. ఆయన చనిపోయాడు, పిల్లలు చాలామంది బతికారు. సిబ్బంది సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు అందరూ ఆయన త్యాగం గురించి మాట్లాడారు. ఫిజిక్స్ మేడమ్ మాత్రం కిటికీ వైపు చూసి, "మా పిల్లలు ఎక్కడి నుంచి దూకాలి సార్?" అన్నారు. ఆ సమావేశంలో పనికొచ్చిన మాట అదే.

పారిపో, దాక్కో, తప్పకపోతే ఎదిరించు. అమెరికాలో హ్యూస్టన్ నగరం 2012లో చేసిన శిక్షణ వీడియోతో ప్రపంచమంతా తిరిగిన సూత్రం ఇది. వరుస మంచిదే. కానీ మొదటి మెట్టుకే మేం తాళం వేసుకుని కూర్చున్నాం. రెండో మెట్టుకు గడియ లేదు.

మొదటి రిహార్సల్

కరస్పాండెంట్ గారు ఎవరికీ చెప్పకుండా చేద్దామన్నారు, "అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది" అని. ఇద్దరు కుర్రాళ్లకు ముసుగులు వేసి, టపాసులు కాల్చి. నేను ఒప్పుకోలేదు. భయంతో మెట్ల మీద ఒక పిల్ల జారిపడితే, నేను అడ్డుకోవడానికి వచ్చిన ప్రమాదాన్ని నేనే తెచ్చినట్టు. పైగా గుండె ఝల్లుమన్నప్పుడు నేర్చుకునేది ఏమీ ఉండదు, ఆ భయం మాత్రం గుర్తుంటుంది. ముందురోజే పిల్లలకు అంతా చెప్పాం, తల్లిదండ్రులకు తెలుగులో ఉత్తరం పంపాం. నా చేతిలో బొమ్మ తుపాకీ కూడా లేదు. భుజం మీద ఒక ఎర్ర కండువా వేసుకున్నాను. ఎర్ర కండువా ఉన్న మనిషికి కనబడకూడదు, అంతే ఆట.

ఉత్తరం చూసి చందంపేట నుంచి ఒక తండ్రి వచ్చాడు. పోట్లాడటానికేమో అనుకున్నాను. ఆయన చెప్పింది వేరు. "అడవి పందుల కోసం మా వైపు నాటు తుపాకులు ఉండేవి సార్. ఆ చప్పుడు నాకు తెలుసు. మా అమ్మాయికి తెలియదు. ఇక్కడ పక్కనే ఫంక్షన్ హాలు ఉంది, రోజూ బారాత్‌లో టపాసులు పేలుతూనే ఉంటాయి. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" నేను రాసుకున్న ప్రణాళికలో ఈ ప్రశ్న లేదు. కాల్పుల నుంచి బతికి బయటపడ్డవాళ్లు మొదట టపాసులనుకున్నామని చెప్పడం మామూలే. ఇక్కడ పిల్లలైతే ఏడాది పొడవునా చప్పుడును పట్టించుకోకుండా చదవడానికి అలవాటు పడ్డారు. అప్పటికప్పుడు ఒక నియమం చేర్చాం: చప్పుడు ఏదో తేల్చుకోవాలని తలుపు తీసి చూడవద్దు. ముందు మూసుకో, తర్వాత కనుక్కో. బారాత్ అని తేలితే నవ్వుకుని మళ్లీ చదువుకోవచ్చు.

మరునాడు పదకొండు గంటలకు నేను గేటులోంచి మామూలు నడకతో లోపలికి వచ్చాను. అటెండరు గంట కొట్టాడు. ఆ కాలేజీలో గంటంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పొద్దున ప్రార్థనకు, భోజనానికి, మంటల రిహార్సల్‌కు కూడా అదే. ఆగకుండా కొడితే అందరూ గ్రౌండులోకి వచ్చి వరుసల్లో నిలబడాలని ఏడాది కిందట ఎవరో నేర్పారు. చక్కగా నేర్పారు కూడా. నాలుగు నిమిషాల్లో 540 మంది పిల్లలూ తరగతుల వారీగా, ఎత్తు ప్రకారం, సరిగ్గా నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, కాసేపే. 

మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి మైకులో. ప్రిన్సిపల్ గారు ఒక సంకేత పదం పెట్టారు, 'కోడ్ రెడ్' అని. సగం గదుల్లో పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. వంటవాళ్లకైతే ఆ మాట అర్థమే కాలేదు. సంకేత పదాలంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో విష్ణు జెండే అనే అనౌన్సర్ తన క్యాబిన్ నుంచి ఉగ్రవాదుల కాల్పులు చూసి, ప్రయాణికులను స్టేషన్ విడిచి వెళ్లమని పదేపదే చెప్పాడు. మామూలు మాటల్లో చెప్పాడు కాబట్టే ఎంతోమంది బయటపడ్డారు. మేం కూడా రెండు వాక్యాలు రాసి మైకు పక్కన అంటించాం: "ప్రమాదం. గేటు వైపు నుంచి ఆయుధంతో మనిషి వస్తున్నాడు. గదులు మూసుకోండి, వెనక మెట్ల దగ్గర ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోండి." ఎటు నుంచి అన్న మాట ఒక్కటి మారుతుంది. మైకు మాత్రం గేటుకు అందరికన్నా దగ్గరగా ఉన్న ప్రిన్సిపల్ గదిలో ఉండేది. వచ్చేవాడు మొదట చేరేది అక్కడికే. మొదటి అంతస్తు స్టాఫ్ రూములో ఇంకో మైకు పెట్టించాం.

వడ్రంగి, వెల్డరు

తర్వాతి ఆరు వారాల్లో నేను సాధించినదంతా ఒక వడ్రంగి, ఒక వెల్డరు చేతుల మీదుగా జరిగింది. ఉపన్యాసాలు ఎన్ని ఇచ్చినా తలుపుకు గడియ రాదు.

తరగతి గదులకు లోపల బలమైన టవర్ బోల్టులు, కిందా పైనా. చిన్న స్క్రూలు కాదు, చెక్కలోకి బాగా దిగే పొడవైనవి. హాస్టల్ దగ్గర ప్రిన్సిపల్ గారి భయానికి విలువ ఇచ్చాం. ఒంటరిగా ఉండే చిన్న గదులకు గడియ పెట్టలేదు. ఇరవై మంది పడుకునే హాలు ద్వారానికి మాత్రమే పెట్టాం. వెనక మెట్ల గేటుకు తాళం తీసేసి, లోపలి నుంచి చేత్తో నెడితే తెరుచుకునే గడియ అమర్చాం. "పిల్లలు పారిపోతారు" అన్నారు కరస్పాండెంట్ గారు. తెరిచిన వెంటనే మోగే బెల్లు ఒకటి బిగించాం. ఇప్పుడు పారిపోవచ్చు కానీ చెప్పకుండా పారిపోలేరు. హాస్టల్ గేటుకూ ఇదే ఏర్పాటు. మంటలొచ్చినా పిల్లల్ని కాపాడేది ఇవే. నిజానికి ఆ ఒక్క కారణానికే ఇదంతా ఎప్పుడో చేసి ఉండాల్సింది.

31 తాళం చెవులకు రంగు దారాలు కట్టి, రెండో జత చేయించి, స్టాఫ్ రూములో పెట్టాం. గది నంబర్లను బయటి గోడ మీద, కిటికీల పైన, రోడ్డు నుంచి కనబడేంత పెద్దగా రాయించాం. లోపలి నుంచి ఎవరైనా 112కు ఫోన్ చేసి "మేం 9లో ఉన్నాం" అంటే బయటికి వచ్చిన పోలీసుకు 9 ఎక్కడో తెలియాలి కదా. భవనం నక్షా ఒకటి స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం.

దాక్కోవడం గురించి పిల్లలకు చెప్పడానికి నాకు దొరికిన మంచి ఉదాహరణ ముంబైలోని కామా ఆసుపత్రి నర్సు అంజలీ కుల్థే. అదే నవంబర్ 26 రాత్రి దుండగులు ఆసుపత్రిలోకి వచ్చినప్పుడు, ఆమె తన వార్డులోని 20 మంది గర్భిణులను చివరనున్న ప్యాంట్రీ గదిలోకి చేర్చి, దీపాలు ఆర్పేసింది. పెద్ద గదిని, బాగున్న గదిని ఆమె వెతకలేదు. దూరంగా ఉండి, తలుపు మూసుకునేది చూసింది. మేం ప్రతి గదిలో నేల మీద సుద్దతో ఒక గీత గీశాం. తలుపు సందులోంచి, వరండా కిటికీలోంచి చూసినా గీతకు ఇవతల కూర్చున్న వాళ్లు కనబడరు. బెంచీల కింద దూరడం పిల్లలకు సహజంగా వస్తుంది. అది మాన్పించడానికే నాలుగు సార్లు చేయించాల్సి వచ్చింది.

కనబడకుండా ఉండటం వేరు, తూటాకు అడ్డం ఉండటం వేరు. ఇటుక గోడ ఆపేదాన్ని చెక్క తలుపు ఆపదు. అందుకే గడియ పెట్టాక తలుపును ఒత్తిపట్టి నిలబడవద్దు, బెంచీలు అడ్డం తోసి పక్క గోడకు జరగాలి.

ఎదిరించడం గురించి ఎక్కువ రాయను. పదహారేళ్ల పిల్లలకు అదొక బాధ్యతలాగా నేర్పడం నాకు ఇష్టం లేదు. పెద్దవాళ్లకు మాత్రం చెప్పాను: గదిలోకి వచ్చేశాడు, దారి లేదు అన్నప్పుడు ఒక్కరు కాదు, అందరూ ఒకేసారి, చేతికందిన కుర్చీతో, మంటలార్పే సిలిండరుతో. సగం మనసుతో చేసేదైతే చేయవద్దు.

చున్నీ

రక్తం ఆపడం మీద ఒక పూట మొత్తం పెట్టాను. పెద్ద రక్తనాళం తెగితే మనిషి ఐదు నిమిషాల్లో పోవచ్చు. ప్రమాదం తగ్గిందని పోలీసులు చెప్పేదాకా 108 అంబులెన్సు లోపలికి రాదు. స్పాంజికి చాకుతో లోతైన రంధ్రం చేసి, ఎర్ర నీళ్లు పోసి, పిల్లల చేతికిచ్చాం. చున్నీ కొసను వేలితో రంధ్రం అడుగు దాకా కుక్కాలి, నిండాక రెండు అరచేతులతో బరువంతా వేసి నొక్కాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. అందరూ ఎత్తి చూశారు. మళ్లీ చేయించాను.

చేతికో కాలికో అయితే గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పుగా మడిచిన చున్నీ కట్టి, ముడిలో గట్టి కర్ర పెట్టి రక్తం ఆగేదాకా తిప్పాలి. పెన్ను పనికిరాదు, విరుగుతుంది. సన్న తాడు కండను కోస్తుంది. కట్టిన సమయం నుదుటి మీద రాయాలి. "అంత బిగిస్తే కాలు పోదా సార్?" అని ఒక బైపీసీ అమ్మాయి అడిగింది. రెండు గంటల్లోపు ఆసుపత్రికి చేరితే సాధారణంగా కాలికి ఏమీ కాదు, నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి అంత దూరం లేదు అని చెప్పాను. ఆ అమ్మాయి గడియారం చూసుకుని లెక్క వేసుకోవడం చూశాను.

పోలీసులు వచ్చాక చేయవలసినది కూడా ఇక్కడే చెప్పాం. ఖాళీ చేతులు పైకెత్తి, వేళ్లు విడదీసి కనబరచాలి. చేతిలో ఫోను కూడా ఉండకూడదు. వాళ్ల వైపు పరుగెత్తకూడదు. వాళ్లకు ఎవరు ఎవరో తెలియదు. మొదట వచ్చిన వాళ్లు గాయపడ్డ వారి దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లిపోతే కోపం తెచ్చుకోవద్దు, వాళ్ల పని ముందు ఆ మనిషిని ఆపడం.

రెండో రిహార్సల్

వర్షాకాలంలో, రెండు నెలల తర్వాత జరిగింది. ఈసారి కూడా ముందే చెప్పాం, గంట మాత్రం చెప్పలేదు. 14 గదుల్లో 11 ఒక్క నిమిషంలో మూతపడ్డాయి. వెనక మెట్ల దగ్గరున్న ల్యాబ్ బ్యాచ్ బెల్లు మోగించుకుంటూ బయటికి వెళ్లి, అవతలి బత్తాయి తోటలో తేలింది. తోట యజమాని నాకు తర్వాత ఫోన్ చేశాడు, రిహార్సల్ గురించి కాదు, కాయల గురించి.

మిగిలిన మూడింటిలో ఒకటి వానకు ఉబ్బిన తలుపు. గడియ బాగానే ఉంది, తలుపే చట్రంలో కూర్చోలేదు. రెండోది, ఒక లెక్చరర్ గారు సంగతేమిటో చూద్దామని వరండాలోకి వచ్చి నాకు నమస్కారం పెట్టారు. మూడోది నన్ను ఇప్పటికీ వదలలేదు. గది మూసుకున్నాక, టాయిలెట్‌కు వెళ్లిన ఒక అమ్మాయి తిరిగి వచ్చి తలుపు కొట్టింది. మూసిన తలుపు పోలీసు గొంతు విని నిర్ధారించుకునేదాకా తీయకూడదని నేనే నేర్పాను. లోపల మ్యాథ్స్ మేడమ్ ఆ పిల్ల గొంతు గుర్తుపట్టి తీశారు. నేను అదే వరండా చివర, ఎర్ర కండువాతో, ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను.

సాయంత్రం సమీక్షలో దీని మీద గంటసేపు వాదన జరిగింది. "నా గదిలో 42 మంది ఉన్నారని తెలుసు సార్. అయినా తీస్తాను" అన్నారు ఆవిడ. తప్పని నేను అనలేకపోయాను. ఒప్పని రాయనూ లేకపోయాను. మరునాడు వడ్రంగిని మళ్లీ పిలిపించి, ప్రతి అంతస్తులో టాయిలెట్ బ్లాకు బయటి తలుపుకు లోపల గడియ పెట్టించాం. ఎక్కడున్న పిల్ల అక్కడే మూసుకోవాలి, గదికి తిరిగి రాకూడదు అని మార్చాం. ఆవిడ తలుపు తీయాల్సిన అవసరం రాకుండా చేయడం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

ఇక తాత. రెండు రిహార్సళ్లలోనూ ఆయన గేటు దగ్గర నాకు అడ్డం నిలబడ్డాడు, లాఠీతో. "పక్కకు తప్పుకుని ముందు మైకుకు కబురు చేయమన్నాను కదా" అంటే, "గేటు వదిలిపెట్టి పోతే రేపు నా కొలువు ఉంటుందా సార్?" అన్నాడు. అతనికి అనుమానం తీరాలంటే నా మాట చాలదు. కరస్పాండెంట్ గారి చేత కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించాం: ఆయుధంతో మనిషి వస్తే వాచ్‌మన్ ఎదురు నిలవనక్కరలేదు, కబురు అందించి తాను కూడా తప్పుకోవాలి, అందుకు ఏ చర్యా ఉండదు అని. సంతకం, ముద్ర వేయించాం. తాత దాన్ని చదివించుకుని విని, మడిచి, ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

హాస్టల్ అంతస్తులో ఒక హాలును రెండుగా విడదీసిన ప్లైవుడ్ గోడ ఇంకా అలాగే ఉంది. దానికి గడియ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. వేసవి సెలవుల్లో ఇటుకతో కట్టిస్తామన్నారు. ఉబ్బిన తలుపును వడ్రంగి చిత్రిక పట్టి సరిచేశాడు, వచ్చే వానలకు మళ్లీ చూడాలి. జూన్‌లో కొత్త బ్యాచ్ చేరాక ఎర్ర కండువా తీసుకుని మళ్లీ రమ్మన్నారు.